ఒంటిచేతికి లొంగే గడియ

పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. ఆ నీళ్ళలో నిలబెట్టిన డబ్బాలో తేనెమైనం అంచుల దగ్గర కరిగి, నడుమ ఇంకా గడ్డగానే ఉంది. నేరుగా మంట మీద పెడితే భగ్గుమంటుందని తెలిసిన మనిషి కాబట్టి ఆయన తొందరపడలేదు. పూర్తిగా కరిగాక కాస్త నూనె పోసి, పుల్లతో తిప్పి దించాడు. ఆయన గోళ్ళు ఆ మైనం రంగుకి మారి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

వీధిలో అందరికీ ఆయన మైనపాయన. అసలు వడ్రంగి. కొత్త సామాను చేసే ఓపిక తగ్గాక పాతవి బాగుచేయడమే పనిగా పెట్టుకున్నాడు. బిగుసుకున్న సొరుగు, కిర్రుమనే కిటికీ, వెలిసిపోయిన బల్ల, తుప్పు పట్టబోతున్న కత్తెర, ఏది చూపించినా సంచిలోంచి మైనం ముద్ద బయటికి తీసేవాడు. "ఈయనకి జ్వరమొచ్చినా మైనమే రాసుకుంటారు" అని భార్య పదిమందిలో ఆటపట్టించేది. ఆయన ముసిముసిగా నవ్వేవాడు.

ఆ పూట గార్డుగారింట్లో పని. బట్టల బీరువా సొరుగులు కదలడం లేదు. అవి జారే పట్టాల నిండా తెల్లటి పొలుసులు.

"కొవ్వొత్తి రుద్దితే చాలన్నారండీ మా బావగారు" అంది గార్డుగారి భార్య.

"చాలుతుందమ్మా, నాలుగు రోజులకి."

పొలుసులు గీకి, ఉప్పుకాగితం పట్టి, తేనెమైనం రుద్దాడు. సొరుగు ఒక్క వేలితో తోస్తే లోపలికి వెళ్ళిపోయింది. మామూలు రోజైతే ఆవిడిచ్చిన కాఫీ తాగి కాసేపు కబుర్లు చెప్పేవాడు. ఈ రోజు కూర్చోలేదు. మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

గుండె బాగా అలిసిపోయిందనీ, ఎప్పుడేమవుతుందో చెప్పలేననీ, ఇంట్లోవాళ్ళకి చెప్పుకోమనీ డాక్టరు అని పది రోజులైంది. ఇంట్లోవాళ్ళంటే భార్య ఒక్కతే. పిల్లల్లేరు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. చావంటే ఆయనకి పెద్ద భయం లేదు. మూత రాని డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పిలవడానికి ఎవరూ లేక ఆమె అలా కూర్చుండిపోవడం తలుచుకుంటే మాత్రం రాత్రుళ్ళు లేచి కూర్చునేవాడు.

అందుకే ఆ పది రోజులూ పని నుంచి రాగానే సొంత ఇంటి మీద పడ్డాడు. డబ్బాల మూతలకి, అల్మరా తలుపులకి, కిటికీ కొక్కేలకి, ఆమె సంచి జిప్పుకి, అన్నిటికీ మైనం పట్టించాడు. ఇంక మిగిలింది వీధి తలుపు గడియ. తలుపు కుంగిపోయి ఉండటంతో ఒక చేత్తో దాన్ని ఎత్తిపట్టి రెండో చేత్తో లాగితే తప్ప గడియ వచ్చేది కాదు.

మధ్యాహ్నం దాని పని పట్టాడు. బందుల మరలు విప్పి, మైనంలో అద్ది, తలుపు కాస్త పైకి వచ్చేలా బిగించాడు. గడియకి అరిగిన చోటల్లా మైనం రుద్దాడు. పని పూర్తయ్యేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

లోపల దబ్బుమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే చేతికర్ర నేల మీద ఉంది. ఆమె మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉంది.

"కర్రకి కూడా రాశారా?"

ఆయన నాలిక కరుచుకున్నాడు. పొద్దున చేతిలో ఉన్న మైనం కాస్తా కర్ర పిడికి పూసేశాడు. జారాల్సిందేదో, జారకూడనిదేదో తెలియని మనిషి కాదు. ఇన్నేళ్ళ పనిలో ఇలాంటి తప్పు ఒక్కటీ చేసి ఎరగడు. కర్ర తీసి గుడ్డతో గట్టిగా తుడవసాగాడు.

"ఇల్లంతా ఇలా నున్నగా చేసి మీరెక్కడికి వెళ్తున్నారు?" అంది ఆమె.

"ఎక్కడికీ లేదే."

"పడిపోయింది నా చెయ్యే, చెవులు కాదు. మీ ఆయాసం వింటూనే ఉన్నాను."

ఆయన తల దించుకున్నాడు. "గుండె బాలేదన్నాడు డాక్టరు."

కర్రని మంచానికి ఆనించి, వీధి తలుపు వైపు చూపించాడు.

"గడియ ఒక్కసారి తీసి చూడవే. ఎడమచేత్తో."

"నేను తీయను."

"ఒక్కసారి. నేను చూస్తాను."

"మీరున్నారుగా తీయడానికి" అని ఆమె మొహం తిప్పేసుకుంది. తీస్తే ఆయన్ని పంపించడానికి ఒప్పుకున్నట్టేనని ఆమె భయం.

ఆయన బలవంతపెట్టలేదు. తలుపు వేసి గడియ పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. టీ పెట్టనా అని ఆమె అడిగితే పెట్టమన్నాడు. పొడి డబ్బా మూత ఆమె ఎడమచేతికి ఇట్టే వచ్చేసింది. గ్లాసు పట్టుకొచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఏమండీ."

గ్లాసు కింద పెట్టి భుజం తట్టింది. చెయ్యి పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి మాత్రం లేదు.

ఎవరినైనా పిలవాలి. గోడ పట్టుకుని తలుపు దాకా నడిచింది. గడియ మీద ఎడమచెయ్యి వేసి లాగింది. అది చప్పుడు కూడా చేయకుండా జరిగిపోయింది. తలుపు తెరుచుకుంది. ముందు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపు. గడప మీద కూలబడి, ఎవరైనా రండి, ఎవరైనా రండి అని పిలిచింది.

అంతా అయిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, చిరిగిన దిండు గలీబు కుడదామని కుట్టుమిషను సొరుగు తీసింది. గుడ్డని ఇస్త్రీపెట్టె కింద అదిమిపెట్టి ఎడమచేత్తో కుట్టడం ఆమెకి అలవాటైపోయింది. సూదికి దారం ఎక్కించడానికే ప్రతిసారీ ఆయన్ని పిలిచేది. సొరుగులో ఒక మందపాటి గుడ్డముక్క మీద సూదులు బారుగా గుచ్చి ఉన్నాయి. తెల్లవి, నల్లవి, నీలం, ఎరుపు, అన్నిటికీ దారాలు ఎక్కించే ఉన్నాయి. చిక్కుపడకుండా దారం పొడవునా మైనం పట్టించి ఉంది. అంత చూపు లేని మనిషి ఎప్పుడు కూర్చుని ఎక్కించాడో ఆమెకి తెలియదు. చివరి సూది బెజ్జం ఖాళీగా ఉంది. దాని పక్కనే ఒక తెల్లదారం, కొసన మైనంతో నలిపి సన్నగా చేసినది, బెజ్జం వైపు తిరిగి పడి ఉంది.