ఓడినవాడి పేరు

నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి, నడుం వంచి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే పీచు ఊడివచ్చేది. అంబాజీపేట కొబ్బరి కొట్టులో ముప్పయ్యేళ్ళుగా సాలమోను పని ఆ ఒలుపే. అరచేతులు కాయలు కాసి మొద్దుబారిపోయాయి. ఆ రోజు మాత్రం మాటిమాటికీ గుండె పట్టుకుని నిలబడుతున్నాడు. పని మానెయ్యమన్నాడు డాక్టరు. మానేసి ఇంట్లో ఎవరి మొహం చూడాలి? భార్య పోయింది, పిల్లలు లేరు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పీచుగుట్ట నీడలో చదరంగం పరిచేవారు. అక్కడో విడ్డూరమైన ఆచారం. ఎవరైనా ఆటని కొత్త ఎత్తుగడతో మొదలుపెడితే, దానికి మొదట ఓడిపోయినవాడి పేరు పెట్టేవారు. గెలిచినవాడికి గెలుపు చాలదూ, పేరు కూడానా అని వాళ్ళ వాదన. బయట ఎత్తుగడలకి దేశాల పేర్లూ, మొనగాళ్ళ పేర్లూ పెడతారని గుమస్తా వెంకటరాజు పేపర్లో చదివి చెప్పినా ఎవరూ ఖాతరు చెయ్యలేదు.

కొత్త ఎత్తుగడలన్నీ సాలమోనువే. పేర్లన్నీ మిగతావాళ్ళవి. తొంభయ్యారు తుఫానులో పోయిన ముసలయ్య పేరు కూడా ఇప్పటికీ రోజూ వినపడేది.

"ఇవాళ ముసలయ్యతో మొదలెడదామేంటండీ?"

ఆ మాట విన్నప్పుడల్లా సాలమోనుకి కుళ్ళు పుట్టేది. చచ్చినవాడి మీద కుళ్ళేమిటని సిగ్గుపడేవాడు. తను పోతే తలుచుకునేందుకు ఏముందని దిగులూ పడేవాడు.

ఆ మధ్యాహ్నం సాలమోనుకి ఎదురుగా కూర్చున్న వెంకటరాజు ఏనుగు ముందున్న బంటుని తోశాడు.

"అదేం మొదలండీ రాజుగారూ?" కాటా వేసే వీర్రాజు నవ్వాడు.

"కొత్తదండి. చూద్దురుగాని."

అది పిచ్చి ఎత్తని సాలమోనుకి తెలుసు. చిటికెలో చితక్కొట్టగలడు. కానీ చాలాసేపు ఆలోచించి, ఆట నడిమధ్యలో మంత్రిని తీసుకెళ్ళి వెంకటరాజు గుర్రం నోట్లో పెట్టాడు.

"మంత్రండీ, చూసుకోలేదేమో. వెనక్కి తీసేసుకోండి," వెంకటరాజే కంగారుపడ్డాడు.

"పెట్టేసేనండి. ఆడండి."

సాలమోనుకి ఆట కట్టింది. వీర్రాజు తొడ చరిచాడు.

"అయితే ఇది సాలమోను ఎత్తుగడండోయ్!"

"ఆయ్, అంతేనండి," అన్నాడు సాలమోను. మొహం వెలిగిపోతోంది. వెంకటరాజుకి అప్పుడు అర్థమైంది.

సాయంత్రం ఓ కాయ సగం ఒలిచేసరికి మళ్ళీ నొప్పి వచ్చింది. "మిగతాది రేపు చూస్తానండి," అని చెప్పి సాలమోను ఇంటికి వెళ్ళాడు. తెల్లారేసరికి నిద్రలోనే పోయాడు.

సమాధి చేసి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం చదరంగం పరిచారు.

"దేంతో మొదలెడతారండీ?" వీర్రాజు అడిగాడు.

"సాలమోనుతో," అంటూ వెంకటరాజు ఏనుగు ముందున్న బంటుని తోశాడు.

అవతల గునపానికి సగం ఒలిచిన కాయ అలాగే గుచ్చి ఉంది.