మన ఇల్లు, నీ అప్పు

బ్యాంకుకి వేసుకెళ్ళే చొక్కా ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన వెనక నుంచి వచ్చి, "కాలర్ గట్టిగా నొక్కు. మనిషిని చూసే అప్పిస్తారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నా బట్టల సంగతి ఆయనకీ గుర్తు రాలేదు, నాకూ గుర్తు రాలేదు. తీరా బయల్దేరే వేళకి నిన్న ఆస్పత్రిలో డ్యూటీకి వేసుకెళ్ళినవే మళ్ళీ తొడుక్కున్నాను. నన్నెవరు చూడొచ్చారులే, అప్పు అడిగేది ఆయన కదా అనుకున్నాను. కట్టేవాళ్ళలో నేనూ ఉన్నానన్న సంగతి నాకే తట్టలేదు, చూడండి.

ఇంటి లోన్ తక్కువ వడ్డీకి ఇంకో బ్యాంకుకి మార్చుకుంటున్నాం. పదిహేనేళ్ళకా, ముప్పయ్యేళ్ళకా అన్నదే తేలాలి. ముప్పయ్యేళ్ళకైతే నెల వాయిదా తగ్గుతుంది, ఆ మిగిలినదాంతో నా చదువు లోన్ నాలుగేళ్ళలో తీరిపోతుంది. పదిహేనేళ్ళకైతే వాయిదా బాగా పెరుగుతుంది. నా జీతం దాదాపు మొత్తం అందులోకే పోతుంది. నా లోన్‌కి వడ్డీ మాత్రం కట్టుకుంటూ అసలుని అలాగే మోసుకు తిరగాలి. శనివారాలు ప్రైవేటు క్లినిక్‌లో చేసే పని ఇప్పట్లో మానడానికి లేదు. మా ఆయన పదిహేనే అంటున్నాడు. ఇల్లు తొందరగా మనదైపోతుందట. నీ అప్పుదేముంది, మెల్లగా అదే తీరుతుంది అంటాడు.

నీ అప్పు. ఆ మాట నాకు ఎప్పుడు అలవాటైపోయిందో తెలీదు. నేను పిల్లలకి వినికిడి పరీక్షలు చేస్తాను. చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, వినపడగానే చెయ్యెత్తమంటాను. ఎంత సన్నటి చప్పుడు ఏ చెవికి అందడం లేదో చెప్పడమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని, నా ఇంట్లో ఒక మాట మారిపోతుంటే పట్టుకోలేకపోయాను. ఈ చదువుకి నాకు సీటొచ్చిన రోజు మా ఆయన వీధి మలుపు నుంచే "మనకి సీటొచ్చిందోయ్" అని అరుచుకుంటూ వచ్చాడు. పక్కింటాయన చదవబోయేది ఈయనేననుకుని చెయ్యి కలిపి మరీ అభినందించాడు. ఎంత నవ్వుకున్నామో! ఆ రోజు ఆయన్ని చూసి నేనెంత పొంగిపోయానో చెప్పలేను. లోన్ కాగితాల మీద సంతకం పెట్టేముందు నేను ఆ అంకెనే మళ్ళీ మళ్ళీ చూస్తుంటే, మనం తీర్చేద్దాంలే అని భుజం తట్టాడు. చదివినన్నాళ్ళూ అది మన చదువు. ఉద్యోగం వచ్చాక మన జీతం. అప్పు మాత్రం ఎప్పుడో, ఏ కరెంటు బిల్లు కడుతూనో, ఏ సామాన్లు సర్దుతూనో, నాదైపోయింది.

అత్తయ్య ఒకసారి ఫోన్లో ఎవరితోనో, చదువుకున్న కోడలంటే గొప్పే కానీ ఆ చదువు ఖర్చంతా మా వాడి నెత్తిన పడింది అంటోంది. నేను పక్కగదిలో ఆవిడ దుప్పట్లే మడతపెడుతున్నాను. ఆ లోన్‌లో వాళ్ళవాడు ఒక్క పైసా కట్టలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. పెద్దావిడతో గొడవెందుకని మింగేశాను. ఈ ఇంటికొచ్చాక నాకు బాగా పట్టుబడిన విద్య అదే.

ఇల్లు కొన్నప్పుడు నేనింకా చదువుతున్నాను. జీతం లేదు కాబట్టి ఆయన పేరు మీదే రాయించుకున్నాడు. నీ ఉద్యోగం రానీ, నీ పేరూ చేర్పిద్దాం అన్నాడు. ఇప్పుడు ఎలాగూ కాగితాలన్నీ మళ్ళీ రాయాలి. పోయిన ఆదివారం ఆయన కారు కడుగుతుంటే, నీళ్ళ పైపు పట్టుకుని నిలబడి అడిగాను. సరే, పదిహేనేళ్ళకే వెళ్దాం, శనివారాలు కూడా పనిచేస్తాను, ఇంటి మీద నా పేరు కూడా రాయించు అన్నాను. అంతకన్నా ఏమీ అడగలేదు. ఆయన చక్రం రుద్దుతూనే, చాలా మామూలుగా అన్నాడు.

"నీకు ఆ అప్పుండగా ఎలా? రేపు నువ్వు కట్టలేకపోతే వాళ్ళు మా ఇంటి మీదకి రారూ?"

మా ఇల్లు. నాతో మాట్లాడుతూ మా ఇల్లు అన్నాడు. పరాయివాళ్ళతో కదా అలా అంటాం! ఆయన గమనించను కూడా లేదు. పైపు ఇటు తిప్పమన్నాడు, తిప్పాను. కోపం వచ్చినా బాగుండేది. కోపం కాదు, ఎవరో పోయారన్న కబురు విన్నట్టయింది. వీధిలో అరుచుకుంటూ వచ్చిన ఆ మనిషి కోసం గుండెలు బాదుకుని ఏడవాలనిపించింది. ఆ మనిషేమో నా ఎదురుగానే కూర్చుని చక్రం తుడుస్తున్నాడు.

బ్యాంకులో లోన్ ఆఫీసరు మాకన్నా చిన్నపిల్ల, ఓపికగా మాట్లాడింది. మేడమ్ జీతం కలిపితే పదిహేనేళ్ళకి తేలిగ్గా వచ్చేస్తుంది సర్ అంది. అప్పులో మేడమ్ కూడా ఉంటారు, ఇల్లు మాత్రం సర్ పేరునే ఉంటుంది, అంతే కదా అని ఖాయం చేసుకుంది. మా ఇద్దరి తరఫునా ఆయనే తలూపాడు.

"ఆయన కట్టలేకపోతే?" అని అడిగాను.

"మీరు కట్టాలి మేడమ్."

"అంతా నేనే కట్టేస్తే, ఇల్లు?"

ఆ అమ్మాయి ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు చూసింది. "ఇల్లు సర్‌దే మేడమ్" అంది మెల్లగా. తరవాత మాట మార్చడానికేమో, పదిహేనే కదా సర్ అని అడిగింది. చేసేయండి అన్నాడు మా ఆయన.

"నా జీతం తీసేసి లెక్క వేయండి" అన్నాను. "ఆ జీతం నా అప్పుకి కావాలి."

కీబోర్డు మీద ఆఫీసరు వేళ్ళు ఆగిపోయాయి. అది తీసేస్తే పదిహేను కుదరదని, సర్ ఒక్కరి వయసుని బట్టి చూస్తే ముప్పయ్యేళ్ళకి కూడా అనుమానమేనని చెప్పింది. మా ఆయన ఆమెతో నవ్వుతూ, సరదాకి అంటోందిలెండి అన్నాడు. నవ్వుతూనే బల్ల కింద నా చెయ్యి పట్టుకుని, నా వైపు వంగాడు.

"ఏమైంది నీకు?"

ఆయన మొహంలోకి చూశాను. నన్ను మోసం చేస్తున్న జాడ ఏ మూలైనా కనిపిస్తుందేమోనని వెతికాను. కనిపించి ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. లేదు. ఆయనకి నిజంగానే తెలీదు. కంగారుపడి, నాకు ఒంట్లో బాగోలేదేమోనని, ప్రేమగానే అడుగుతున్నాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి, నాకేమైందో నేను మొదటి నుంచీ చెప్పుకోవాలి. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన చేతిలోంచి నా చెయ్యి తీసుకున్నాను. ఆఫీసరు ఇంకా నా మాట కోసమే చూస్తోంది.

"తీసేయండమ్మా" అన్నాను.