మంచినీళ్ళ పక్కన

ఆమె కొంగు ముడి విప్పి రేషన్ కార్డు బయటికి తీసింది. అందులో అతికించిన కుటుంబం ఫోటోలో, వెనక వరసలో, పెసరగింజంత ముఖం. ఆమె భర్త నాంచారయ్య.

"మా ఆయన్ని పెద్దది చెయ్యాల బాబూ. ఎల్లుండి పెద్దదినం. ఎనకమాల మంచినీళ్ళు ఉండాల" అంది.

ఆమె పేరు బుల్లెమ్మ. మంగినపూడి దగ్గర పల్లె. పడవ ఇంజను ఆగిపోయి నలుగురు మనుషులు తొమ్మిది రోజులు సముద్రంలో కొట్టుకుపోయారట. క్యానులో నీళ్ళు ఐదో రోజుకే అయిపోయాయి. ఏడో రోజున నాంచారయ్య పోయాడు. చివరిదాకా నీళ్ళే అడిగాడని బతికొచ్చినవాళ్ళు చెప్పారు. ఆమె ఇదంతా ఏడవకుండా చెప్పింది. నేను వింటూనే స్కానరు మూత ఎత్తాను. పన్నెండేళ్ళుగా బందరులో స్టూడియో నడుపుతున్నవాడికి చావు అంటే ఒక సైజు, ఒక ఫ్రేము.

కంప్యూటర్లు వచ్చాక చనిపోయినవాళ్ళ వెనక సీనరీ పెట్టడం ఇక్కడ ఆచారమైపోయింది. బతికినన్నాళ్ళూ గుడివాడ దాటనివాడు పోయాక స్విట్జర్లాండు మంచులో లుంగీతో నిలబడతాడు. అడిగేవాళ్ళకి సిగ్గు లేదు, చేసే నాకూ లేదు. నాది తెలిసిన సిగ్గులేనితనం, అంతే. ఆ తేడాని పట్టుకునే నేను రోజూ షట్టరు ఎత్తుతున్నాను.

"జలపాతం పెడతాను" అన్నాను.

ఆ జలపాతం నేను తీసిందే. గుడివాడ రోడ్డు మీద చేపల చెరువుల ప్రసాద్ గారు ఫంక్షన్ హాలు కట్టి, వెనక జపాన్ తోట వేయించాడు. జపాన్ ఎప్పుడు వెళ్ళారండీ అంటే, పళ్ళ డాక్టరు గోడ మీద క్యాలెండర్లో చూశానన్నాడు. సిమెంటు బండలు, ఎర్ర వంతెన, ఒక రాతి దీపం. పెళ్ళిళ్ళకొచ్చిన ఆడవాళ్ళు ఆ దీపాన్ని తులసికోట అనుకుని పసుపు రాసి బొట్టు పెట్టారు. బోరు నీళ్ళు మోటారుతో పైకెక్కి బండల మీంచి పడతాయి. ఫోటో కోసం కరెంటు దండగని గొణుగుతూనే పది నిమిషాలు వేయించాడు. నేను లెన్సుకి నల్లద్దం తగిలించి అర సెకను తెరిచి ఉంచాను. నీళ్ళు పట్టుగుడ్డలా వచ్చాయి. తర్వాత పైపు చెరిపాను, పసుపు చెరిపాను, వంటవాళ్ళు వంతెన మీద ఆరేసిన తువ్వాళ్ళు చెరిపాను. బండల మీది తెల్ల చారలు మాత్రం ఉంచి ఇంకాస్త మెరిపించాను. అచ్చం తుంపరలా ఉన్నాయి. చూసినవాళ్ళంతా ఇది ఏ దేశమని అడిగారు. అడిగిన ప్రతివాణ్ణీ మనసులో ఒక మెట్టు కిందికి దించి, ఆ మెట్టు నేనెక్కినట్టు సంతోషపడ్డాను.

నాంచారయ్యని ఆ వంతెన పక్కన నిలబెట్టి, తెర ఆమె వైపు తిప్పాను. ఆమె వెంట వచ్చిన కోడలి వరస కొండమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అత్తా, మావకి పాసుపోర్టు తీయించేశావే!"

"నోర్ముయ్యవే." బుల్లెమ్మ తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది. "బాబూ, బండల మీద ఈ తెల్లవేంటి?"

"నురగ."

"నురగ రాయికి పట్టుకుని ఎండిపోద్దా? ఉప్పు ఇది. మా ఇంటి గోడలకీ ఇట్టాగే పూస్తది." నా వైపు తిరిగింది. "ఇయ్యి మంచినీళ్ళేనా?"

నాలుగు నెలలుగా ఆ ఫోటోని ఒక ఊరంతా చూసింది. ఉప్పును చూసింది ఈవిడ ఒక్కతే. నాకు ముందు కోపం వచ్చింది. నాలో కోపం ఎప్పుడూ ముందే వస్తుంది, ఎందుకన్నది తర్వాత తీరిగ్గా వస్తుంది.

"ఫోటోలో ఏ నీళ్ళైతే ఏంటమ్మా? రుచి కనపడదు గదా."

"నీకు కనపళ్ళేదు."

"సరే, తుడిచేస్తాను" అని మౌసు పట్టుకున్నాను. పక్కనున్న నల్లటి రాతిని తీసి తెలుపు మీద అద్దుతూ పోయాను. పావుగంటలో బండలు కడిగినట్టయ్యాయి. నిజంగా బాగా వచ్చింది. "ఇప్పుడో?"

"రాయి మారింది బాబూ. నీళ్ళు మారతయ్యా?"

నేను మౌసు వదిలేశాను. చెప్పడానికి ఉన్నదల్లా వెటకారమే. ఆమె నీళ్ళడిగింది, నేను కళ చూపిస్తున్నాను.

బయట బిందెల చప్పుడు మొదలైంది. నాలుగింటికి మున్సిపాలిటీ కుళాయి వస్తుంది. బుల్లెమ్మ గుమ్మంలోంచి అటు చూసింది.

"ఆ నీళ్ళో?"

"కుళాయి దగ్గర నిలబెడతావా మావని? జనం నవ్వుతారే అత్తా!"

"నవ్వనీ. దప్పికతో పోయింది ఆళ్ళు కాదుగా."

కెమెరా తీసుకుని వెళ్ళాను. పాచి పట్టిన దిమ్మె, తుప్పు పట్టిన గొట్టం, కింద ఎవరిదో సొట్టబిందె. నా జీవితంలో ఇంత వికారమైన ఫ్రేము చూడలేదు. బుల్లెమ్మ వరసలో ఉన్నవాళ్ళని పక్కకి జరగమని, దోసిలి పట్టి ఒక గుక్క తాగింది. నోట్లోనే కాసేపు ఉంచుకుని మింగింది.

"తియ్యి బాబూ."

"ఆ బిందె తీసేయమనమ్మా, అడ్డంగా ఉంది."

"ఉండనీ. బిందె లేకపోతే నీళ్ళు నేలపాలైపోతయ్. ఆయన చూళ్ళేడు."

బిందె నిండేదాకా ఆగి తీశాను.