ఏడు ఆల్బమ్‌లు, మూసుకుపోయిన రెండు చెవులు

మంగళవారం పొద్దున నా రెండు చెవులూ మూసుకుపోయాయి. ఒక్కటే పోయుంటే రెండోదానితో ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. అవి కూడబలుక్కున్నట్టు ఒకేసారి మొరాయించాయి.

ఇంకే ఉద్యోగమైనా అయితే, పోనీలే, నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటుందని సంతోషించేవాణ్ణి. నేను వారపత్రికలో సంగీత సమీక్షకుణ్ణి. ‘కొత్త చప్పుళ్ళు’ అనే పేజీ నాది. వారానికి ఏడు కొత్త ఆల్బమ్‌లు విని, అవెలా ఉన్నాయో రాయాలి. సినిమా పాటలు కావు. నలుగురు స్నేహితులు మేడమీది గదిలో సొంతంగా చేసుకున్న ఇండీ పాటలు, గొంతు చించుకుని అరిచే మెటల్, ఇది పాటేనా అని చేసినవాడికే అనుమానం వచ్చే ప్రయోగాత్మక సంగీతం. తొమ్మిదేళ్ళుగా ఇదే నా పని.

చెవుల డాక్టరు టార్చి వేసి చూసి పెదవి విరిచాడు. కాగితం మీద రాసి చూపించాడు: ‘గులిమి. రాయిలా గట్టిపడింది. చుక్కలు వేసుకుంటూ ఉండండి, సోమవారం తీస్తాను. అప్పటిదాకా చెవిలో ఏమీ పెట్టకూడదు.’ ‘ఏమీ’ కింద రెండు గీతలు గీశాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చా అని అడిగాను. మూడో గీత గీశాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అంతకుముందు శుక్రవారమే మా సంపాదకురాలు నన్ను పిలిచి కుర్చీ చూపించింది. ఆవిడ కూర్చోమందంటే కీడు శంకించాలి. మంచి వార్తయితే నిలబెట్టే చెబుతుంది.

“మీ పేజీ ఎవరూ చదవట్లేదండీ. పోయిన నెలంతా కలిపి ఒక్క ఉత్తరం వచ్చింది. అదీ అచ్చుతప్పు గురించి. ఈ వారం ఒక్కటీ చూస్తాను. పాఠకుల్లో కదలిక లేకపోతే ఆ జాగాలో పదకేళి వేసుకుంటాం” అంది.

పదకేళి. తొమ్మిదేళ్ళు నేను దున్నిన చోట అడ్డం, నిలువు గళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ మండిన సంగతి అక్కడ చెప్పలేదు. ఇప్పుడు వెళ్ళి నాకు చెవులు వినపడటం లేదని చెబితే ఆవిడ పని ఇంకా సులువైపోతుంది. గురువారం మధ్యాహ్నం పన్నెండుకి పేజీ ఇవ్వాలి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

మా ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఆరోజు ఇంట్లోనే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నా గోడంతా విని, ఎర్ర పెన్నుతోనే ఒక కాగితం మీద రాసిచ్చింది: ‘అమ్మని అడగండి.’

మా అత్తయ్య మాతోనే ఉంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు గాజుసీసాల ఫ్యాక్టరీలో తనిఖీ పనిచేసి రిటైరయ్యారు. వరసగా కదిలే సీసాలను చిన్న కర్రతో ఒక్కొక్కటీ తట్టి, మోగిన తీరుని బట్టి పగులుందో లేదో చెప్పడం ఆవిడ పని. చుట్టూ కొలుములూ మోటార్లూ హోరెత్తిపోతుంటే ఆ మధ్యలో సీసా ‘టింగు’మందా ‘టక్కు’మందా అని పట్టుకోవాలి. ఆ హోరులో మాట్లాడుకోవడం కుదరదు కాబట్టి అందరూ చీటీలే రాసుకునేవారట. పగిలిన సీసాకి కారణం రాసి చీటీ అంటించేవారట. ఇప్పటికీ ఆవిడ జాకెట్లో పెన్సిలు ముక్కా, చీటీల కట్టా ఉంటాయి.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా ఏనాడూ ఆవిడకి ఒక్క పాట వినిపించలేదు. పైగా ఆవిడ ఒకసారి, “వినడం కూడా ఉద్యోగమేనా అల్లుడుగారూ? ఇంట్లో ఎవరి మాటా వినరు కదా” అన్నందుకు రెండు నెలలు ముభావంగా ఉన్నవాణ్ణి. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. నేను కాళ్ళ దాకా పోలేదు గానీ, వరండాలో ఎండలో ఉన్న ఆవిడ చెప్పులు తీసి నీడలో పెట్టాను.

అత్తయ్య చెప్పుల వైపొకసారి, నా వైపొకసారి చూశారు. చీటీ తీసి రాశారు: ‘ఏం కావాలి?’

బుధవారం పొద్దున్నే భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. ఆవిడ చెవులకి నా పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించాను. కళ్ళు మూసుకుని, పెన్సిలుతో బల్లమీద మెల్లగా తడుతూ వినసాగారు. మొదటి పాట నలభై సెకన్లు దాటగానే, ఇంక చాలన్నట్టు చెయ్యి ఊపి పక్క పాట పెట్టబోయాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే నా చెయ్యి తోసేసి చీటీ రాశారు: ‘మెడ ఒక్కటే చూసి సీసా పాస్ చేసేస్తామా?’

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్ళుగా నేను పాటకి నలభై సెకన్లే వింటున్నాను. మొదట ఇరవై, నడుమ పది, చివర పది. మిగతాదంతా ‘లోతైన’, ‘ముడిసరుకు లాంటి’, ‘ధ్వనుల దృశ్యకావ్యం’ లాంటి మాటలు చూసుకుంటాయి. ఊరందరికీ తెలిసిన రహస్యమే ఇది, మా సమీక్షకులందరం ఇలాగే బతుకుతాం. అత్తయ్య మాత్రం ఆల్బమ్ మొత్తం, ఆఖరి చప్పుడు ఆరిపోయేదాకా విన్నారు. అది అయ్యాకే చీటీ రాశారు.

మొదటిది ‘కిటికీ పక్క సీటు’ అనే ఇండీ బృందానిది. చీటీ ఇది: ‘రిజెక్ట్. పది పాటలూ ఒకటే పాట. అమ్మాయి వెళ్ళిపోయిందని పదిసార్లు చెప్పాడు, మొదటిసారే అర్థమైంది. గిటారు బాగుంది. పాడటం మానేసి వాయించుకుంటే పాస్ చేస్తాను.’

తర్వాతది ‘తుప్పు’ అనే ప్రయోగాత్మక బృందం. ‘ఇది మోటారు. బేరింగు పోయింది. ముందు మెకానిక్కుకి చూపించండి. పదకొండో నిమిషంలో ఒకావిడ సన్నగా కూనిరాగం తీస్తుంది, అది దాచుకోదగ్గది. ఆవిడకి తను పాడుతున్నట్టు తెలియదు.’

మూడోది పెట్టేటప్పుడు నాకు భయమేసింది. ‘శవపేటిక మేకులు’ అని మెటల్ బృందం. పేరుకి తగ్గట్టే పాడతారు. గుండె పట్టుకుంటారేమోనని మంచినీళ్ళు దగ్గర పెట్టాను. ఆవిడ మొహం చూస్తే చల్లబడిపోతోంది. కాసేపటికి తల ఊపడం మొదలుపెట్టారు. టీ ఇవ్వడానికి వచ్చిన మా ఆవిడ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. అత్తయ్య వేలు పైకెత్తి, మళ్ళీ మొదట్నుంచి పెట్టమన్నారు. రెండోసారి అయ్యాక చీటీ ఇచ్చారు.

‘పాస్. చాలా శుభ్రమైన హోరు. మా రెండో షిఫ్టు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. అరిచే అబ్బాయికి నిజంగానే ఏదో బాధుంది, నటన కాదు. ఎవరైనా వాడితో కూర్చుని మాట్లాడాలి. నాలుగో పాటలో డ్రమ్ము ఎడమచేతి దెబ్బ ఒక పిసరు ఆలస్యం. ఆ చేతికేదో అయింది, చూపించుకోమనండి.’

సాయంత్రానికి ఆరు పూర్తయ్యాయి. ఏడోది నేను కావాలనే ఆఖరికి ఉంచాను. ‘పొగమంచు’ అని ఒకాయన. నా దృష్టిలో ప్రయోగాత్మక సంగీతంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆరేళ్ళుగా కొత్త ఆల్బమ్ లేక మాలాంటివాళ్ళం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాం. అలాంటి మనిషి నలభై రెండు నిమిషాల పాట స్వయంగా నాకు పంపాడు. దాన్ని వినలేకపోతున్నందుకు నిజంగా ఏడుపొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది ఆయన పని.

అత్తయ్య నలభై రెండు నిమిషాలూ కదలకుండా విని, చీటీ ఇచ్చారు.

‘ఖాళీ సీసా. మొదట్లో ఎవరో లేచి, తలుపేసుకుని బయటికెళ్ళారు. ఆఖరిదాకా తిరిగి రాలేదు. అంతే.’

నాకు కోపమొచ్చింది. బేరింగులూ మోటార్లూ చెప్పినంత తేలిక కాదు ఇది. ఈ సంగీతానికి ఒక తపస్సు కావాలి, తయారీ కావాలి. “అత్తయ్యా, ఇది మీకు అందదులెండి” అన్నాను. చెవులు మూసుకుపోయినవాడి గొంతు అదుపులో ఉండదు. వీధిలోవాళ్ళు కూడా విని ఉంటారు. ఆవిడ పెన్సిలు జాకెట్లో పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు.

గురువారం పొద్దున రాయడానికి కూర్చున్నాను. పొగమంచు గురించి మాత్రం మనసారా రాశాను: ‘శబ్దానికీ నిశ్శబ్దానికీ నడుమ గీత చెరిగిపోయిన చోట మనల్ని నిలబెట్టి, మన ఊపిరిని మనకే వినిపిస్తాడు. ఆ మొదటి తలుపు చప్పుడు ఒక యుగాంతం. ఆ తర్వాత మిగిలింది లోతు, కేవలం లోతు.’ అరపేజీ అలా సాగింది. రాస్తుంటే నా కళ్ళలోనే నీళ్ళు తిరిగాయి.

మిగతా ఆరింటికీ టైము చాల్లేదు. కనీసం తలొక ‘లోతైన’ అయినా తగిలిద్దామని చూశాను. ఎక్కడ తగిలించాలో విన్నవాడికి కదా తెలిసేది. పన్నెండుకి పది నిమిషాలుందనగా అత్తయ్య చీటీలు ఆరూ ఉన్నవున్నట్టు దించేసి, కింద నా పేరు పెట్టి, దేవుడి మీద భారం వేసి పంపేశాను.

ఆదివారం పత్రిక వచ్చింది. దాన్ని తెరిచి చూసే ధైర్యం నాకు లేదు. అత్తయ్య మాత్రం పేజీ మొత్తం చదివి, మడిచి పక్కన పెట్టారు. ఒక్క చీటీ కూడా రాయలేదు.

సోమవారం డాక్టరు చెవుల్లోంచి రెండు నల్లటి ఉండలు తీసి పళ్ళెంలో వేశాడు. లోకం ఒక్కసారిగా భళ్ళున మీద పడింది. ఫ్యాను కిర్రుమనడం, కాంపౌండరు ముక్కు ఎగబీల్చడం, నా చొక్కా గుడ్డ రాసుకోవడం, అన్నీ వినపడ్డాయి. ఆ ఆనందంలో ఉండగానే ఫోను మోగింది. సంపాదకురాలు వెంటనే రమ్మంది.

వెళ్ళాను. ఆవిడ కూర్చోమనలేదు. నాకు కాస్త ఊపిరాడింది.

“నిన్నటి నుంచి మెయిల్లో డెబ్బై మూడు ఉత్తరాలు” అంది. “మన పత్రిక పుట్టాక ఒక పేజీకి ఇన్ని రాలేదు. ఇది చూడండి, ఆ శవపేటిక వాళ్ళ డ్రమ్మరు రాశాడు. ఎడమ మణికట్టు బెణికిందట, ఎవరికీ చెప్పకుండా కట్టు కట్టుకుని వాయించాడట. మీకెలా తెలిసిందని అడుగుతున్నాడు. అరిచే అతను కూడా రాశాడు. మాట్లాడటానికి మీరు ఖాళీగా ఉంటారా అని.”

“అదీ... అనుభవం” అన్నాను.

“ఆ తుప్పు వాళ్ళ పాటలో కూనిరాగం తీసింది వాళ్ళమ్మట. ఇంట్లో ఎవరూ గమనించలేదట. మీ పేజీ ఉంటుందండీ. పదకేళిని వంటల పేజీలో సర్దుతాను.”

తొమ్మిదేళ్ళలో ఈ ఆఫీసులో నాకు దక్కని సంతోషం అది. ధన్యవాదాలు చెప్పి గుమ్మం దాకా వచ్చాను.

“ఒక్క నిమిషం. ఆ పొగమంచు ఆయన కూడా రాశారు. రికార్డరు నొక్కాక వాయిద్యం వైరు పక్కగదిలో ఉందని గుర్తొచ్చి, తలుపేసి వెళ్ళారట. అప్పుడే వచ్చిన పక్కింటాయనతో మాటల్లో పడ్డారట. పొరపాటున ఆ ఫైలే మనకి పంపారట. మీ సమీక్ష చదివాక, ఆరేళ్ళు కష్టపడి చేసిన అసలు ఆల్బమ్ పక్కన పడేసి, ఇదే విడుదల చేస్తున్నారట.”

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“ఆ ఆరూ మీరే రాశారని తెలుస్తూనే ఉంది. ఇన్నాళ్ళకి మీ గొంతు బయటికొచ్చింది. ఆ ఏడోది ఎవరి చేత రాయించారు?”

“మా... బంధువొకడు” అన్నాను.

“ఎవరైనా సరే, ఇంక మానిపించండి. బొత్తిగా వినకుండా రాసినట్టుంది.”

దారంతా ఆ బంధువుని తిట్టుకుంటూనే నడిచాను. సిగ్గేసింది. అసూయ కూడా వేసింది, దాచడమెందుకు. కానీ అన్నిటికన్నా ఎక్కువగా, ‘మీకు అందదులెండి’ అని నేను అరిచిన అరుపు ఇప్పుడు, గులిమి పోయాక, నాకే స్పష్టంగా వినపడింది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. నేను ఆవిడకి వీపు తిప్పి, హెడ్‌ఫోన్ల వైరు చిక్కు తీయసాగాను. వెనక గాజుగ్లాసు మీద చెంచా మెల్లగా తగిలింది. టింగుమంది. నేను ఠక్కున వెనక్కి తిరిగాను.

అత్తయ్య చెంచా కింద పెట్టారు.

“చెవులొచ్చేసినట్టున్నాయే అల్లుడుగారూ.”

“ఇంకా రాలేదత్తయ్యా” అన్నాను. “చాలాకాలం పట్టేలా ఉందిట.”

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూశారు. జాకెట్లోంచి చీటీ తీసి, ఏదో రాసి, నా చొక్కా జేబుకి అంటించారు. తర్వాత హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకున్నారు.

“ఊఁ, పెట్టండి. ముందు ఆ అరిచే అబ్బాయిల్లాంటివాళ్ళు ఇంకెవరైనా ఉంటే పెట్టండి.”

పాట మొదలుపెట్టాక తల వంచి చీటీ చదువుకున్నాను. ‘అడుగున చిన్న పగులు. వాడుకోవచ్చు.’