ఆడపడుచు పట్టని తప్పులు

మా టీమ్‌లో కోడ్ రాసేది వదిన, అందులో తప్పులు పట్టే టెస్టర్ ఆమె ఆడపడుచు. ఇద్దరూ ఒకే ఇంట్లోంచి ఒకే స్కూటర్ మీద వస్తారు. వాళ్ళిద్దరి మధ్య కుర్చీ నాది. ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గాని, చెరో వైపు గుసగుసలూ నా చెవినే పడేవి.

ఆడపడుచును మేమంతా భూతద్దం అనేవాళ్ళం. నా పేజీలో ఒక గీత వంకరగా ఉన్నా వదిలేది కాదు, టీమంతటికీ కనిపించేలా తప్పుల పట్టీలో బగ్ పెట్టేది. అలాంటి మనిషి ఆ నెల వదిన మీద ఒక్క బగ్ కూడా పెట్టలేదు. వదిన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలేది ఆ నెలాఖరునే. ఎవరి మీద ఎన్ని బగ్‌లు పడ్డాయో చూసి మేనేజర్ తేలుస్తాడు.

"నాకేదో తేడాగా ఉంది," అంది వదిన, కాఫీ మెషీన్ దగ్గర. "నేను రాసినదాంట్లో తప్పుల్లేకపోవడమేంటి? నాకే నమ్మకం లేదు. అన్నీ మూటగట్టి చివర్రోజు మేనేజర్ ముందు విప్పుతుందేమో."

"మీ ఆడపడుచే కదండీ."

"అందుకే భయం. ఇంట్లో మాత్రం వదలట్లేదు. గిన్నెలు తోముతూ, 'ఆ తేదీల పేజీ ఇంకోసారి చూస్తావా వదినా' అంటుంది. నిన్న మా ఆయన ముందే, 'పాస్‌వర్డ్ మార్చే చోట చూసుకో' అంది. ఎత్తిపొడుపు కాకపోతే ఏంటి?"

"చూశారా మరి?"

"రెండు చోట్లా తప్పులున్నాయి. సరిచేశాను. అంటే తనకి ముందే తెలుసు. తెలిసీ ఎందుకు పెట్టలేదు?"

నాకూ అనుమానం పాకింది. పైగా ఆ వారమంతా భూతద్దం నా మీద వరసపెట్టి బగ్‌లు పెట్టింది, ఒళ్ళు మండిపోయి ఉన్నాను. "మీరే ముందు వెళ్ళి మేనేజర్‌కి చెప్పేయండి," అన్నాను.

వదిన వెళ్ళింది. టెస్టర్ తప్పులు తెలిసీ దాస్తోందని చెప్పి వచ్చింది.

మధ్యాహ్నం భూతద్దాన్ని మేనేజర్ గదిలోకి పిలిచారు. గది గోడలు అద్దాలవి కాబట్టి ఆమె తలదించుకోవడం మాకు కనిపించింది. బయటికొచ్చి, బల్ల మీది సామానంతా అట్టపెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టింది. తర్వాత పిలుపు వదినకు.

వదిన తిరిగొచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఉద్యోగం ఖాయం చేశారు," అంది నాతో, గొంతు బాగా తగ్గించి. "సొంత మనిషని చూడకుండా చెప్పానట, మెచ్చుకున్నారు. తను అన్నీ ఒప్పుకుందట. నా బగ్‌ల లెక్క పెరగకూడదని తప్పులు ఇంట్లోనే చెప్పి నాతో దిద్దించిందట."

నాకు సిగ్గేసింది.

సాయంత్రం భూతద్దం అట్టపెట్టె నేనే మోసుకుంటూ ఇద్దరితో పాటు స్కూటర్ దాకా వెళ్ళాను.

"నీది ఖాయమైందటగా వదినా, చాలు. నాకింకోటి దొరక్కపోదు," అంది ఆడపడుచు. పెట్టె నా చేతుల్లోంచి తీసుకుని నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరో నా మీద చాడీలు మోశారు. మేనేజర్ ఆ పేరు చెప్పలేదు. మన మాటలన్నీ వినేది ఎవరో నీకు తెలుసుగా. నువ్వు జాగ్రత్త వదినా."

వదిన నా వైపు చూడలేదు. కాదని కూడా అనలేదు.

హెల్మెట్ పెట్టుకుని, "సరే, ఎక్కు," అంది.