వెనక వరండాలో ఉడుతల వేట

ముప్ఫై ఒక్క ఏళ్ళు బొగ్గుగనిలో పనిచేశాడు హోబర్ట్ స్లోన్. ఊపిరితిత్తుల నిండా ఆ దుమ్మే. ఒకప్పుడు తెల్లారకముందే లేచి ఇంటి వెనక కొండెక్కి, మధ్యాహ్నానికల్లా నడుముకి నాలుగైదు ఉడుతల్ని వేలాడదీసుకుని దిగేవాడు. ఇప్పుడు ముక్కుకి తగిలించిన ఆక్సిజన్ ట్యూబు ఎంత దూరం సాగితే అంతవరకే అతని తిరుగుడు. వెనక వరండా మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ట్యూబు అయిపోతుంది.

అందుకని కొండ మానేసి, గాలి తుపాకీ ఒకటి సంపాదించి, వరండాలోనే కుర్చీ వేసుకున్నాడు. పెరట్లో హికరీ చెట్టుంది. దాని కాయల కోసం పిల్లికూనలంతేసి బూడిదరంగు ఉడుతలు కొండ దిగి వస్తాయి. ఆగస్టులో వేటకాలం మొదలైన వారంలోనే మూడింటిని కొట్టాడు. భార్య వెల్డా వాటిని ఉడకబెట్టి గ్రేవీ చేసి, వేడి వేడి బిస్కట్ రొట్టెలతో పెట్టింది. ఆ మనిషి మీద కండ కరిగిపోతోంది, ఏదో ఒకటి తినిపించమ్మా అని డాక్టరు చెబుతూనే ఉన్నాడు. ఏం వండినా రెండు చెంచాలు తిని పళ్ళెం తోసేసేవాడు, ఆ రోజు మాత్రం రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకుని మరీ తిన్నాడు.

తర్వాత వేట ఆగిపోయింది. పదిరోజులపాటు ఒకటే మాట, ఇవాళ ఒక్కటీ రాలేదని. వెల్డా నమ్మింది. ఒకరోజు మెట్లు ఊడుద్దామని వెళ్తే, చెట్టు కింద కొరికి పారేసిన కాయల పొట్టు చీపురుకి లొంగనంత పడి ఉంది. తలెత్తితే కొమ్మల్లో నాలుగు ఉడుతలు. ఆమె హోబర్ట్ వైపు చూసింది. అతను పెరటి అవతలి వాగు వైపు చూస్తున్నాడు.

అప్పుడు అర్థమైందామెకి. ఆ తుపాకీని పేల్చే ముందు ప్రతిసారీ దాని గొట్టాన్ని విరిచినట్టుగా కిందికి వంచాలి. లోపలి స్ప్రింగు బిగుసుకునేదాకా గట్టిగా లాగాలి. ఆ లాగేపాటి సత్తువ అతనిలో అయిపోయింది. ఆ సంగతి చెప్పలేక, పదిరోజులుగా ఉత్త తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాడు.

మర్నాడు పొద్దున వెల్డా కాఫీ అతని చేతికిచ్చి, తుపాకీ తను తీసుకుని, మోకాలికి ఆనించి రెండు చేతులతో గొట్టాన్ని వంచింది. హోబర్ట్ మొహం కందగడ్డలా అయింది. కాఫీ పక్కన పెట్టి గొణిగాడు.

"అలా కాదు. మోకాలు పగులుద్ది. తుపాకీ మడమని తొడకి ఆనించుకుని లాగు."

ఆనించుకుని లాగింది. స్ప్రింగు టక్కుమంది. అతను సీసపు గుండు పెట్టి గొట్టం మూశాడు. ఆ రోజు నుంచి తుపాకీ బిగించడం ఆమె పని, పేల్చడం అతని పని.

ఆ ఏర్పాటు వారం కూడా సాగలేదు. ఒక మంగళవారం గురి చూస్తుండగా దగ్గు తెర ఒకటి వచ్చి చేతులు అదిరాయి. గుండు ఉడుతకి నడుము దగ్గర తగిలింది. అది కిందపడి, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ కంచె సందులోంచి పక్కింటి పెరట్లోకి దూరిపోయింది. దెబ్బతిన్న జంతువుని వదిలేసి ఇంటికొచ్చిన రోజు హోబర్ట్ జీవితంలో లేదు. తుపాకీ కుర్చీకి ఆనించి లేచాడు. మెట్ల దగ్గర ట్యూబు బిగుసుకుంటే, దాన్ని ముక్కు మీంచి పీకి పారేసి రెండు మెట్లు దిగాడు. మూడో మెట్టు మీద కూలబడ్డాడు. పెదాలు నీలంగా మారాయి.

వెల్డా పరిగెత్తుకొచ్చి ట్యూబు మళ్ళీ తగిలించింది. అతనికి మాట రావడానికి కొంతసేపు పట్టింది.

"దాన్నలా వదిలెయ్యకే."

"వదలను. నువ్వు ఇక్కణ్ణుంచి కదిలావంటే మాత్రం ముందు నిన్ను కాలుస్తాను" అని, తుపాకీ బిగించి గుండు పెట్టుకుని పక్కింటికి నడిచింది.

పక్కింట్లో ట్రూడీ అనే ఆవిడ ఉంటుంది. ఒహాయో రాష్ట్రంలో లైబ్రరీ ఉద్యోగం చేసి, రిటైరై నిరుడే ఈ లోయకొచ్చింది. పిట్టలకీ ఉడుతలకీ పొద్దుతిరుగుడు గింజలు పోస్తుంటుంది. వెల్డా వెళ్ళేసరికి ఆవిడ కట్టెల పేర్పు ముందు గొంతుక్కూర్చుని లోపలికి చూస్తోంది. తిడుతుందేమోనని వెల్డా సిద్ధపడింది. ఆవిడ తుపాకీ వంక చూసింది, తర్వాత వెల్డా వంక.

"బాధపడుతోందా అది?"

"పడుతోంది."

"మరైతే తొందరగా కానియ్యి" అని పైనున్న రెండు కట్టెలు తీసి అడ్డం తొలగించింది.

వెల్డా పుట్టి బుద్ధెరిగాక తుపాకీ పేల్చడం అదే మొదలు. పని ఒక్క గుండుతో అయిపోయింది. ట్రూడీ కట్టెల్ని తిరిగి పేర్చి, లోపలికి పోయి తలుపేసుకుంది. ఆ మధ్యాహ్నం వెల్డా ఒక సీసాడు యాపిల్ జామ్ తీసుకెళ్ళి ఆవిడ గుమ్మంలో పెట్టి వచ్చింది.

హోబర్ట్ ఆ రాత్రి అన్నం మాట ఎత్తలేదు. ఇక తుపాకీ ముట్టనని తలుపు వెనక పెట్టేశాడు. చేతులు ఆగని వాడు వేటకి పనికిరాడని తేల్చేశాడు. మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగో రోజు వెల్డా దుప్పటి లాగేసింది.

"లే. నాకు నేర్పు."

"నీకెందుకే ఇప్పుడు?"

"కోడి పెడితే తోసేస్తున్నావు, పంది పెడితే తోసేస్తున్నావు. ఉడుతే కావాలంటే ఎవరో ఒకరు కొట్టాలి కదా. నీ చేతులు ఆగట్లేదు, నావి ఆగుతాయి."

మొద్దుకి సార్డీను చేపల ఖాళీ డబ్బా మేకుతో కొట్టి గురి నేర్పడం మొదలుపెట్టాడు. ఊపిరి సగం వదిలి ఆపమన్నాడు. వేలితో గుంజొద్దు, మెల్లగా నొక్కమన్నాడు. వెనక ఆకాశం తప్ప ఏమీ లేనిచోట కనబడే ఉడుతని ఎప్పుడూ కొట్టకూడదని, గుండు తప్పితే ట్రూడీ వంటగదిలో తేలుతుందని, అది మానుకి అతుక్కుని ఉన్నప్పుడే కొట్టాలని పదిసార్లు చెప్పాడు. మొదటిరోజు ఆమె మొద్దుని తప్ప దేన్నీ కొట్టలేదు. మగవాళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకునేది ఇదేనా అని ఆమె విసుక్కుంటే, నీ బిస్కట్లు పెళ్ళైన ఏడాది ఎలా ఉండేవో నాకు గుర్తుందని అతను చురక అంటించాడు. వారం తిరిగేసరికి డబ్బా జల్లెడైంది.

ఆ శనివారం పొద్దున మంచు విడుతుండగా ఉడుత ఒకటి మాను మీద తలకిందులుగా దిగుతూ ఆగింది. హోబర్ట్ ఆమె చెవి పక్కన గుసగుసలాడాడు.

"ఆగు. ఇప్పుడే కాదు. అది తల తిప్పుద్ది, చూడు... ఊఁ, ఇప్పుడు."

ఉడుత ఒక్క కుదుపుతో నేల మీద పడి మళ్ళీ కదల్లేదు. హోబర్ట్ ఆమె భుజం మీద చెయ్యేసి ఒక్కసారి నొక్కాడు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆమె వంటని కూడా అతను అంతగా మెచ్చుకున్నది లేదు.

తోలు ఒలిచే పని మాత్రం అతను ఎవరికీ ఇవ్వలేదు. కుర్చీలో కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, తోక దగ్గర చిన్న గాటు పెట్టి చొక్కా విప్పినట్టు లాగేశాడు. తుపాకీ పట్టుకుంటే వణికే వేళ్ళు కత్తి పట్టుకుంటే వణకలేదు. వెల్డా పక్కన కూర్చుని చూస్తూ, ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్న మాట బయటపెట్టింది. సెలవు దొరికిన ప్రతి పొద్దునా కొండెక్కిపోతుంటే, ఇంటినీ తననీ తప్పించుకు పోతున్నాడనే అనుకునేదట.

హోబర్ట్ కత్తి ఆపాడు.

"సగం రోజులు తుపాకీ ఎత్తేవాణ్ణే కాదు వెల్డా. చెట్టుకి ఆనుకుని ఊరికే కూర్చునేవాణ్ణి. వారమంతా గనిలో చీకటి కదా. ఆకుల్లోంచి వెలుగు దిగుతుంటే చూడాలనిపించేది."

"ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా."

"ఊరికే కూర్చోడానికి పోతున్నానంటే పోనిచ్చేదానివా?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. ఇంట్లో చంటిపిల్లలు, కారే కప్పు, కోయాల్సిన కట్టెలు.

"పోనిచ్చేదాన్ని కాదు" అంది.

ఇద్దరూ నవ్వారు. నవ్వు అతన్ని దగ్గులోకి దింపింది, ఆమె వీపు రాసింది.

ఆకులు రాలేలోగా వెల్డా ఎనిమిది ఉడుతల్ని కొట్టింది. కొన్ని రోజులు పొద్దున ఇద్దరూ కాఫీ చల్లారేదాకా కూర్చుని, తుపాకీ ముట్టకుండానే లోపలికొచ్చేవాళ్ళు. నవంబరులో డాక్టరు బరువు తూస్తే నాలుగు పౌన్లు పెరిగాడు. ఊపిరి మాత్రం పెరగలేదు, పెరగదని ముగ్గురికీ తెలుసు. ఏం పెడుతున్నావమ్మా అని డాక్టరు అడిగితే వెల్డా కాస్త మొహమాటంగానే చెప్పింది. ఆయనా ఆ కొండల్లో పుట్టినవాడే. పెన్ను పక్కన పెట్టి కుర్చీ ముందుకి జరుపుకుని, గ్రేవీలో మిరియాలు మొదట్లో వేస్తావా, దించేముందు వేస్తావా అని అడిగాడు.