బండికి బదులు తలకాయ

ఆ రోజు పొద్దున చిన్నోడి చేతిలో ఉన్న సరుకు ఇంతే: అద్దె గదిలో నడిచే ఫోటో స్టూడియోలో సగం వాటా, ఇనుప ముద్దలాంటి పాత కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, దాని మీద కెమెరాను పట్టి ఉంచడానికి కొత్తగా బిగించిన గేరు తలకాయ, ఒక అన్న. ఈ చివరిదాన్ని రాబడి కింద రాసుకోవాలో ఖర్చు కింద రాసుకోవాలో అతనికి బుద్ధెరిగిన నాటి నుంచీ తేలలేదు. ఎడమ చెవి తమ్మె చీలి ఉండడం అన్న చేతి చలవ. అన్న ముందు పన్ను సగానికి విరిగి ఉండడం అతను ఉంచుకోకుండా తిరిగిచ్చిన బాకీ.

చేతిలో లేనిది అన్న మోటారు సైకిలు. ముందు రోజు సాయంత్రం వరకూ అది మెట్ల కింద ఉండేది. మూతపడుతున్న ఒక స్టూడియో యజమానికి దాన్ని తాళంతో సహా అప్పజెప్పి, బదులుగా ఈ తలకాయను సంచిలో వేసుకుని చిన్నోడు ఇంటికి నడిచి వచ్చాడు. అన్నను అడగలేదు. అడిగితే బేరం చెడేది. ముందు సరుకు తెచ్చుకోవడం, తిట్లు తర్వాత తినడం అతని పద్ధతి.

అవసరం అలా వచ్చిపడింది మరి. కత్తుల కార్ఖానా నడిపే ఆవిడను అందరూ కత్తులమ్మ అంటారు. ఆవిడ తన సరుకంతటికీ ఒక పొడవాటి పుస్తకం వేయిస్తోంది. పేజీకి ఒక కత్తి, పిడి కింద, మొన పైన. పేజీ తిప్పితే కత్తి మారాలి గానీ అది నిలుచున్న చోటు మారకూడదు. దానికి కెమెరాను పక్కకు పడుకోబెట్టి నిలువుగా తీయాలి. అన్న దగ్గరున్నది గుండు తలకాయ. మర వదులు చేస్తే గుండు ఎటైనా తిరుగుతుంది, బిగిస్తే ఆగుతుంది. తేలికపాటి కెమెరాకు అది చాలు. ఇంత బరువు ఒక పక్కకు వేలాడితే మాత్రం, ఎంత బిగించినా, చేయి తీయగానే వెంట్రుకవాసి జారుతుంది. ఒక్కో కత్తికీ ఒక్కోలా జారింది. అన్న రెండుసార్లు తీశాడు. రెండోసారి కత్తులమ్మ ఫోటోలన్నీ బల్ల మీద పరిచి చూసింది.

"నా కత్తులన్నీ తాగొచ్చాయా బాబూ? ఇదేమో ఇటు తూలుతోంది, అదేమో అటు తూలుతోంది. రేపు సాయంత్రం వస్తాను. నిటారుగా నిలబెట్టారా, ఏటా నా పని మీదే. లేదంటే మీ దారి మీది, నా దారి నాది."

వేరే పని ఏదీ చేతిలో లేదు. ఇది పోతే గది ఖాళీ చేయడమే. అందుకే చిన్నోడు బండి తాళం జేబులో వేసుకుని బయలుదేరాడు.

గేరు తలకాయకు మూడు మరలు: ముందుకూ వెనక్కూ వంచడానికి ఒకటి, పక్కకు వంచడానికి ఒకటి, చుట్టూ తిప్పడానికి ఒకటి. మర తిప్పిన మేరకే లోపలి పళ్ళ చక్రం కదులుతుంది, వేలు తీస్తే అక్కడే చచ్చినట్టు ఆగుతుంది. తొందరగా తిప్పుకోవాలంటే ప్రతి మర పక్కనా ఒక మీట ఉంది. దాన్ని నొక్కితే పళ్ళు విడిపోతాయి, కెమెరా తన బరువుకు తనే పడిపోతుంది. కనుక నొక్కేటప్పుడు రెండో చేత్తో కెమెరాను పట్టుకోవాలి. తలకాయ ఇచ్చినాయన ఈ మాట ఒకటికి రెండుసార్లు చెప్పాడు. చిన్నోడికి ఆ మాట అన్నకు చెప్పే సమయం దొరకలేదు.

పొద్దున్నే చిన్నోడు గోడకు ఆనించిన నల్ల పలక మీద అయస్కాంతంతో మొదటి కత్తిని నిలబెట్టి, కెమెరాను తలకాయ మీద ఎక్కించాడు. ఇంకా పక్కకు వంచలేదు. అప్పుడే తలుపు గోడకు కొట్టుకుంది.

"బండేదిరా?"

"టీ తాగావా అన్నయ్యా?"

"బండేదిరా అంటే టీ అంటావేంట్రా వెధవా!"

"అదిగో, స్టాండు మీదుంది."

అన్న స్టాండు వంక చూశాడు, తమ్ముడి వంక చూశాడు. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మెడ నరాలు లేచాయి.

"ఈ ఇనుప ముక్క కోసం నా బండా? నీ మెడ మీదున్న తలకాయ పని చేయట్లేదని ఇంకోటి కొన్నావా?"

"నువ్వు తీసిన ఫోటోలు చూశాక, మనిద్దరికీ కలిపి ఒకటి ఉంటే మంచిదనిపించింది."

ఆ మాట అనకుండా ఉంటే ఒక దవడ మిగిలేది. అన్న పిడికిలి వచ్చి తగిలింది. నోట్లోకి ఉప్పగా రక్తం ఊరింది. రెండోది కడుపులో పడింది. చిన్నోడు వెనక్కి పడుతూ రెండు లైటు స్తంభాల్లో ఒకదాన్ని లాక్కుపోయాడు, బల్బు పగిలి గాజు ముక్కలు అతని వీపులో దిగాయి. లేవబోతే అన్న పక్కటెముకల మీద తన్నాడు. ఊపిరి ఆగింది. చిన్నోడు చేతికి అందిన స్టూలును కాలు పట్టుకుని ఎత్తి అన్న మోకాలి చిప్ప మీద ఉన్న బలమంతా పెట్టి మోదాడు. ఎండు కర్ర విరిగినట్టు చప్పుడైంది. అన్న కేక పెట్టి నల్ల పలక మీదికి ముఖం పెట్టి పడ్డాడు. పక్క బల్ల మీద వరసగా పెట్టిన కత్తులు గలగలమని నేల మీద పడ్డాయి. అన్న కనుబొమ మీద తోలు లేచిపోయి కంట్లోకి రక్తం కారింది.

అన్న లేచాడు. లేచేటప్పుడు ఎడమ చేతిలోకి ఒక కత్తి వచ్చింది. మాంసం కోసే కత్తి, సన్నగా, పొడవుగా ఉంది.

"నిన్ను తర్వాత చూస్తాను. ముందు ఈ ఇనుప ముక్కను వీధిలో పారేస్తా!"

కుంటుతూ పోయి కుడి చేత్తో స్టాండు మెడ పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ గుండు తలకాయతో పని చేసిన చెయ్యి అది. గుండు కింద గట్టిగా పట్టుకుంటేనే కెమెరా జారదని ఆ చేతికి అలవాటు. అలవాటు చొప్పునే కెమెరా కూర్చునే పలక కింది సందులోకి వేళ్ళు దోపి గట్టిగా పిసికాడు. గుండు తలకాయలో అక్కడ మెడ ఉంటుంది. గేరు తలకాయలో పక్కకు వంచే మీట ఉంది.

పళ్ళు విడిపోయాయి. కెమెరా, దాని ముందున్న లెన్సు, రెండింటి బరువూ కలిసి ఒక్క ఊపున పక్కకు ఒరిగాయి. దాని కింది పలక వచ్చి అన్న వేళ్ళ మీద మూసుకుంది.

"తియ్యరా! తియ్యి!"

చిన్నోడు కెమెరాను అందుకున్నాడు. పైకి ఎత్తితే వేళ్ళు బయటికి వచ్చేవి. అతను ఎత్తలేదు. రెండు చేతులూ కెమెరా మీద వేసి, ఛాతీ ఆనించి, ఒంటి బరువంతా కిందికి దించాడు. ఇనుము కింద ఏదో నలిగింది. అన్న గొంతులోంచి వచ్చిన అరుపు మనిషిది కాదు. ఆ అరుపుతోనే ఎడమ చేతిలోని కత్తి లేచింది, చిన్నోడి కుడి మోచేతి దగ్గర మొదలై మణికట్టు దాకా గీసుకుపోయింది. తోలు తెరుచుకుంది. కత్తులమ్మ సరుకులో నాణ్యత లేదని ఎవరూ అనలేరు. నొప్పి తర్వాత వచ్చింది. ముందు రక్తం వచ్చింది, కెమెరా మీదుగా కారి అన్న చేతి మీద పడింది. ఇద్దరి రక్తం ఏది ఎవరిదో తెలియకుండా స్టాండు కాళ్ళ వెంట నేలకు దిగింది. అయినా అతను లేవలేదు. అన్న కత్తిని మళ్ళీ ఎత్తాడు.

పై వాటాలోంచి వదిన దిగి వచ్చింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. విరిగిన స్టూలు కాలు తీసుకుని ముందు మొగుడి మోచేయి మీద ఒకటి వేసింది, కత్తి కింద పడింది. తర్వాత మరిది నడుము మీద రెండు వేసింది, అతను కెమెరా మీద నుంచి జారి పడ్డాడు.

"చంపుకునేదుంటే కింద గోనెపట్టా పరుచుకుని చంపుకోండి. కడగాల్సింది నేను!"

ఆవిడ కెమెరాను పైకెత్తి మొగుడి వేళ్ళను బయటికి తీసింది. చూపుడు వేలూ, మధ్య వేలూ నలిగి, లోపలి ఎముకలు తెల్లగా కనిపిస్తున్నాయి. చీర చెంగు చింపి ఆయన చేతికి చుట్టింది, మిగిలిన ముక్క మరిది చేతికి బిగించింది.

"లేవండి, ఆస్పత్రికి."

"సాయంత్రం ఆవిడ వస్తుంది," అన్నాడు అన్న.

"వస్తే? ఏం చూపిస్తారు, మీ ముఖాలా?"

"వదినా, ఇది పోతే గది పోతుంది," అన్నాడు చిన్నోడు నేల మీద నుంచే.

"గది గురించి ఆ బుద్ధి కొట్టుకునే ముందు ఉండాల్సింది చిన్నోడా."

అన్న గోడకు ఆనుకుని స్టాండు వంకే చూస్తున్నాడు. కాసేపటికి మోకాలు ఈడ్చుకుంటూ దాని దగ్గరికి వెళ్ళాడు. గుండు తలకాయ అయితే ఒక చేత్తో కెమెరాను ఆపి రెండో చేత్తో మర బిగించాలి. అతనికిప్పుడు ఉన్నది ఎడమ చెయ్యి ఒక్కటే. బొటనవేలూ చూపుడు వేలూ మర మీద పెట్టి మెల్లగా తిప్పాడు. కెమెరా కదిలింది. వేళ్ళు తీశాడు. కెమెరా ఆగింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆగింది. అన్న ముఖంలో ఏదో మారింది.

"నత్తలా నడుస్తుంది," అన్నాడు.

"నడవనీ. జారదు కదా."

"నోరు మూసుకుని కత్తులు ఏరు."

చిన్నోడు ఎడమ చేత్తో కత్తులు ఏరి, తుడిచి, ఒక్కొక్కటీ పలక మీద నిలబెట్టాడు. అన్న కెమెరాను పూర్తిగా పక్కకు వంచి, మరను అటూ ఇటూ గోరంత తిప్పుతూ కత్తి అంచును కెమెరా తెర మీది నిలువు గీతకు కలిపాడు. ప్రతి కత్తికీ చిన్నోడు గీత సరిగ్గా ఉందో లేదో చెప్పాడు, అన్న తిట్టాడు, బటను వదిన నొక్కింది. మధ్యలో ఒకసారి అన్న కళ్ళు తిరిగి కూలబడ్డాడు. ఆవిడ నీళ్ళు కొట్టి లేపింది. చెంగుముక్క రెండుసార్లు తడిసిపోతే రెండుసార్లు మార్చింది.

కత్తులమ్మ చెప్పిన వేళకే వచ్చింది. గదిలో గాజు ముక్కలు, గోడ మీద చిమ్మిన ఎరుపు, కట్లు కట్టుకున్న ఇద్దరు మనుషులు. ఆవిడ అన్నీ చూసింది, ఏదీ అడగలేదు. కంప్యూటరు ముందు కూర్చుని ఫోటోలు ఒకదాని వెనక ఒకటి తిప్పింది. కత్తులు మారాయి. నిలుచున్న చోటు మారలేదు. సరుకు తిరిగి సర్దుకునేటప్పుడు మాత్రం ఒక కత్తిని వెలుగులోకి ఎత్తింది.

"పిడి దగ్గర ఇదేంటి బాబూ, తుప్పా?"

"కాదు మేడమ్," అన్నాడు అన్న. "వాడి చూశాం. పదును బాగుంది."

ఆవిడ ఆ కత్తిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. "వచ్చే ఏడు సరుకు పెరుగుతుంది. అప్పటికి ఇద్దరూ బతికుండండి," అని వెళ్ళిపోయింది.

ఆస్పత్రిలో అన్న చూపుడు వేలు సగానికి తీసేశారు. మధ్య వేలు ఉంది గానీ వంగదు. చిన్నోడి కుడి చేతికి కుట్లు మానాయి, చివరి రెండు వేళ్ళకు మాత్రం స్పర్శ రాలేదు. కెమెరా దానంతటదే పడిందా, ఎవరైనా అదిమారా అని అన్న ఎప్పుడూ అడగలేదు. చిన్నోడు ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

లెక్క చూసుకుంటే, పోయింది బండి. ఆ చేత్తో అన్న ఇక ఏ బండీ నడపలేడు గనుక ఆ బేరంలో నష్టం లేదని తేలింది, అది చిన్నోడు పైకి అనలేని లాభం. వచ్చినవి ఏటా కత్తుల పని, గది, జారని తలకాయ. కొట్టుకోవడానికి ఇద్దరికీ తలా ఒక్క చెయ్యే మిగిలింది. ఆ కెమెరాను స్టాండు మీదికి ఎక్కించడానికి రెండు చేతులు కావాలి.